దేవుని అర్రకు తూర్పు కిటికీ

అచ్చంపేట,
9 జులై 2023

నర్సింగమ్మ వదినకు, నీ ఆడబిడ్డ అండాలు దండాలు పెట్టి రాస్తున్నది.

ఈ వయసులో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. నిన్న పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను కిందికీ మీదికీ చూసి, "ఆధార్ పనా అమ్మా?" అంది. "కాదు బిడ్డా, మా వదినకు రాసుకోవాలె" అంటే సొరుగులన్నీ వెతికి ఒకటి ఇచ్చింది. పదో తరగతి తర్వాత సంతకాలకు తప్ప నేను పెన్ను పట్టలేదు. ఇప్పుడు పట్టింది ఎందుకంటే, ఫోనులో నీతో మాట్లాడే వీలు లేదు. నువ్వు ఎత్తగానే పరశురాములు అన్న స్పీకర్ పెట్టిస్తాడు. మొన్న నేను గొంతు సవరించుకుని నీకో మాట చెప్పబోతే, వెనుక నుంచి మీ మేస్త్రీ మల్లప్ప "అక్కా, బాగున్నవా?" అన్నాడు. ఇక ఏం చెబుతాను? బాగున్నానని పెట్టేశాను.

షాద్‌నగర్‌లో మీ ఇంటి గోడలు లేచాయి, వచ్చి చూడమని అన్న పిలిస్తే వచ్చాను కదా. ఇల్లు చాలా బాగుంది. హాలు ఒక్కటే మా ఇల్లంత ఉంది. ఇంజనీరు కమలాకర్ నా వెంట తిరిగి ఎక్కడ ఏది వస్తుందో అన్నీ చూపించాడు. దర్వాజకు అసలు టేకు, కిటికీలకు దోమ దూరని జాలీ, వంటింట్లో పొగ పీల్చే డబ్బా, స్నానాల గదిలో గోడకు వేలాడే కమోడ్. "కింద కాళ్ళు ఉండవమ్మా, గోడలోపల ఇనుప చట్రం మీద ఆగుతది" అన్నాడు. అన్న బరువు గుర్తొచ్చి ఒక ప్రశ్న నోటిదాకా వచ్చింది, మింగేశాను.

చివరికి తూర్పు పక్కనున్న చిన్న గదిలోకి తీసుకుపోయాడు మల్లప్ప. "ఇది దేవుని అర్ర అక్కా. గీ తూర్పు గోడకు జానెడు కిటికీ కావాల్నన్నది అమ్మ. పొద్దుగాల ఎండ సక్కగ స్వామి పాదాల మీద పడాల్నంట" అన్నాడు. ఆ ఖాళీలో చెయ్యి పెట్టి చూశాను. అవతల గాలి తగిలింది.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మనం యాదగిరిగుట్ట మీద సత్రంలో దిగాం, గుర్తుందా? వాళ్ళు పడుకున్నాక నేను చెంబులో వేళ్ళు ముంచి, బండ మీద నీళ్ళతో నా ఇల్లు గీసి నీకు చూపించాను. ఇది దేవుని అర్ర, ఇది జానెడు కిటికీ, ఇటునుంచి ఎండ అని. చూస్తుండగానే ఆరిపోయింది. నీకు గుర్తుందో లేదో అని రాస్తున్నాను, అంతే.

నాకు సంతోషంగా ఉంది. మా ఆయన దామోదర్ గిర్ని నడుస్తున్నది, పిండి దుమ్ముతో దగ్గు మాత్రం తగ్గలేదు. వాన వస్తే మా ఇంటి కప్పు కూనపెంకులు దేవుని గూటి మీదే కారతాయి. గిన్నె పెట్టి దీపం వెలిగిస్తున్నాను.

నీ ఆడబిడ్డ,
అండాలు

షాద్‌నగర్
21 జులై 2023

అండాలూ,

నేను సదివింది అయిదో తరగతి, నీ లెక్క రాసుడు రాదు. మాట్లాడినట్టే రాస్తున్న, తప్పులుంటె నవ్వకు. నీ కవరొచ్చిందంటె మీ అన్న భయపడ్డడు, కోర్టు కాయితమేమో అని. "మీ సెల్లె రాసింది" అంటె "దాని ఫోను ఖరాబైందా?" అన్నడు.

ఎందుకు యాదికుండదు! నువ్వు నీళ్ళతోని గీసిన ఇల్లు గీసినట్టే ఉన్నది నా కండ్లల్ల. ఇంజనీరు దేవుని అర్ర ఎట్ల కావాల్నమ్మా అంటె నువ్వు చెప్పిందే చెప్పిన. నీకు సెప్దామనుకుంటనే ఉన్న, పనిల పడి మరిసిన. ఎట్లనన్న మీ ఇల్లు ఇప్పట్ల కట్టేటట్టు లేదాయె. గా కిటికీ జర మా ఇంట్లనన్న సూసుకుంటవు గద.

ఇగ ఇను, నాకు మస్తు పరేషాన్ ఉన్నది. హాల్ల టైల్స్ ఎయ్యాల్నా, గ్రానైట్ పరవాల్నా? టైల్స్ జారుతయంటరు, గ్రానైట్ సల్లగుంటదంటరు. దర్వాజ మీద శంఖు చక్రాలు చెక్కియ్యాల్నా, ఏనుగులా? మీ అన్నను అడిగితె "అండాలునడుగు" అంటడు. అందుకే అడుగుతున్న. జల్ది రాయి.

దామోదరన్నకు దగ్గుకు మిరియాల కషాయం పెట్టు.

నర్సింగమ్మ

అచ్చంపేట,
4 ఆగస్టు 2023

నర్సింగమ్మ వదినకు,

నీ ఉత్తరం అందింది. మీ ఇంటి పనులు చక్కగా సాగాలని రోజూ దేవుడికి చెబుతున్నాను.

హాలులో గ్రానైట్ వేసుకో. టైల్స్ అందరూ వేస్తారు, మీరు అందరిలాంటి వాళ్ళు కాదు కదా. దర్వాజ మీద శంఖుచక్రాలు బాగుంటాయి. ఏనుగులు పెళ్ళి మండపాలకు పెడతారు.

నువ్వు చెప్పినట్టు, మా ఇల్లు ఇప్పట్లో అయ్యేది కాదు. నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. ఆ ఒక్క వాక్యం వదిలేసి వినిపించాను. ఇల్లు మాట ఎత్తినప్పుడల్లా "వచ్చే యేడు సూద్దాం తియ్యి" అంటాడు. పెళ్ళైనప్పటి నుంచి వచ్చే యేడు వస్తూనే ఉంది.

దేవుని అర్ర గురించి ఒక మాట. ఆనాడు గుట్ట మీద నేను చిన్నదాన్ని, తెలియక ఏదో గీశాను. మన స్వామి నరసింహుడు. ఉగ్రమూర్తి. అందుకే చందనం పూస్తారు, చల్లగా ఉంచుతారు. అలాంటి స్వామి మీద ఎండ పడకూడదని పెద్దలు అంటారు. ఆ ఇంట్లో మాటలు వేడెక్కుతాయట, మనశ్శాంతి ఉండదట. నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పడం నా ధర్మం. కిటికీ ఉంచుకోవడమా, మూయించడమా నీ ఇష్టం.

ఇవాళ శుక్రవారం. దీపం పెట్టి వచ్చి రాస్తున్నాను.

అండాలు

షాద్‌నగర్
15 సెప్టెంబర్ 2023

అండాలూ,

నువ్వు చెప్పకుంటె ఎంత తప్పు జరుగుతుండె! నీ కాయితం మీ అన్నకు సదివి వినిపిచ్చిన. "అండాలు నోట్లెకెళ్ళి ఉత్తమాట రాదు, మూపియ్యి" అన్నడు. కమలాకర్ ఒప్పుకోలే. "గాలాడదమ్మా, దీపం పొగకు గోడ నల్లబడతది, నా పేరు పోతది" అని మస్తు లొల్లి చేసిండు. నీ పేరు కంటె దేవుడు పెద్దోడు గద సారూ అన్న. మల్లప్పతోని ఇటుకలు పెట్టిచ్చిన. అయిపోయింది, ఫికర్ చెయ్యకు.

శంఖుచక్రాలే చెక్కిస్తున్నం. గ్రానైట్ నల్లది తెచ్చినం. నీకు పీటంత ముక్క పంపుతున్న. మల్లప్ప తమ్ముడు బీరన్న శ్రీశైలం పనికి పోతున్నడు, తొవ్వల అచ్చంపేటల దిగి మీ గిర్నిల ఇచ్చి పోతడు. నీ దేవుని గూట్ల పరుసుకో. పెంకులకెళ్ళి నీళ్ళు కారినా రాయికేం కాదు.

మాఘమాసంల ముహూర్తం చూపెట్టినం. నువ్వు ఒక దినం ముంగటనే రావాలె. పాలు పొంగిచ్చేది నువ్వే గద, ఇంటి ఆడబిడ్డవు. నువ్వు పొంగియ్యకుంటె ఆ పొయ్యి మీద నేను ఏం వండినా కమ్మగ కాదు.

నర్సింగమ్మ

అచ్చంపేట,
26 నవంబర్ 2023

వదినకు,

ఇన్నాళ్ళు రాయలేదు. రాయడానికి కూర్చుంటే చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నది పాలు పొంగించడానికి నేను రాలేనని చెప్పడానికి.

మాఘంలో ఆ రోజుకే నాకు గుట్టకు మొక్కు ఉంది. మమతను పిలువు. చిన్నాయన కూతురైనా ఆమె కూడా అన్నకు చెల్లెలే. హైదరాబాదులో ఉంటుంది, మీ పొగ పీల్చే డబ్బా ఎలా తిప్పాలో ఆమెకు తెలుసు.

ఇంతటితో ఆపుదామనుకున్నాను. ఆపలేను. ఫోనులో ఎలాగూ చెప్పలేను, ఇక్కడే చెబుతాను.

నువ్వు పంపిన రాయి వచ్చింది. బీరన్న గిర్ని దగ్గర దించి, "వంటింటి బండకు సింకు కోసమని కోసినప్పుడు వచ్చిన ముక్కలున్నయి గద, గట్లాంటిదే" అని మా ఆయనతో చెప్పి పోయాడు. మీ సింకు కోసం కోసి పారేసే ముక్క మా స్వామికి పీట అన్నమాట. నేను దాన్ని గూట్లో పెట్టలేదు. పెరట్లో తులసికోట పక్కన పెట్టాను. మా ఆయన దాని మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

అది కూడా మింగేదాన్ని. నిన్న మా ప్రవళిక తన ఫోను నా ముందు పెట్టి, "అమ్మా, అత్తమ్మోళ్ళ ఇల్లు సూడు ఎట్ల మెరుస్తున్నదో, సుస్మిత వదిన పెట్టింది" అంది. రంగు వేసిన ఇల్లు, ముందు మీ కోడలు సుస్మిత నవ్వుకుంటూ. ఆమె తల మీదుగా చూశాను. మేడకు దిష్టిబొమ్మ వేలాడుతున్నది. కుండ తల, గుడ్డి కండ్లు, గడ్డి కూరిన ఒళ్ళు. దానికి చీర కట్టారు. వంకాయరంగు చీర, పసుపు అంచు.

మీ ఇంటికి ముగ్గు పోసిన రోజు నేను నీకు పెట్టిన చీర, వదినా. అచ్చంపేటలో దుకాణాలన్నీ తిరిగి తెచ్చిన చీర. మీ ఇంటిని ఎవరి కన్ను కొడుతుందని ఆ బొమ్మను కట్టారో, ఆమె చీరనే దానికి కట్టారు. ప్రవళిక చూసింది, పోల్చుకుంది, ఫోను లోపల పెట్టుకుంది. నా కూతురు ముందు నాకు అంత సిగ్గు ఎప్పుడూ కాలేదు.

నువ్వు నన్ను సరిగ్గానే పోల్చావు. అవును, నాకు కుళ్ళు. శనివారాలు ఒక్కపొద్దులుండి, కారే ఇంట్లో దీపం ఆరకుండా చేతులు అడ్డం పెట్టి, ఒక చిన్న ఇల్లు కావాలని అడిగింది నేను. నువ్వు ఒక్కపొద్దు ఉండవు, శనివారం కూడా పొద్దున్నే తింటావు. దేవుడు ఇల్లు నీకు ఇచ్చాడు. ఇచ్చినవాడు ఇంకో రకం ఇల్లు ఇయ్యకూడదా? నేను గీసిన ఇల్లే ఇచ్చాడు.

దిష్టి తగలకుండా ఉండాలంటే నేను రాకపోవడమే మంచిది కదా.

అండాలు

షాద్‌నగర్
9 డిసెంబర్ 2023

అండాలూ,

నీ కాయితం సదివి పొయ్యిల పారేద్దామనుకున్న. పొయ్యి లేదు, గ్యాసున్నది. గందుకే మిగిలింది.

మీ అన్నకు సూపియ్యలే. "ఏం రాసింది అండాలు?" అంటె "పానం బాగలేదట" అన్న.

ముందుగాల చీర సంగతి ఇను. నా బీరువల పట్టుచీరలున్నయి, సుస్మిత తెచ్చిన మెరుపుల చీరలున్నయి. అవన్ని మడత ఇప్పకుంట ఉన్నయి. నువ్వు పెట్టిన వంకాయరంగు చీర ఒక్కటే నేను కట్టిన. స్లాబు పడ్డంక పొద్దుమాపు నీళ్ళు కొట్టాలె, గోడలు లేస్తె గోడలకు కొట్టాలె, తడి ఆరితె పగుళ్ళొస్తయంటరు. కూలోళ్ళను నమ్మక నేనే పైపు పట్టుకున్న. తడిసినా బరువు కాదు, ఎండల పెయ్యికి సల్లగుంటది, గందుకే అదే ఉతుకుడు అదే కట్టుడు. మల్లప్ప "అమ్మా, నీకు ఇంకో చీర లేదా? మాకు కూలి ఇస్తవా ఇయ్యవా అని భయమైతాంది" అని నవ్వేటోడు. ఇంటికి తాపిన నీళ్ళన్ని ఆ చీర తాగింది. ఆఖరుకు కొంగు సున్నంల పడి పీలికలైంది, దండెం మీద ఏసిన. వానకు పాత బొమ్మ కూలిపోతె మల్లప్ప పెండ్లాం దండెం మీదికెళ్ళి తీసుకపోయి కట్టింది. నేను సూసేసరికి ఎక్కిచ్చిండ్రు. దించమందునా అనుకున్న. మళ్ళ అనిపిచ్చింది, ఇన్ని దినాలు ఇంటిని కాపాడింది ఈ చీరనే గద, ఉండనియ్యి అని. నీకు గట్ల కనబడుతదని నాకెట్ల ఎరుక?

రాయి సంగతి. బీరన్నకేం ఎరుక! వాడు మోసేటోడు. అది సింకు ముక్క కాదు. మా దేవుని పీట కోసం తెచ్చిన బండలకెళ్ళి నీకు ఒక పక్క కోపిచ్చిన. మీ స్వామి, మా స్వామి ఒక్క రాయి మీద కూసోవాల్నని. దాని మీద దామోదరన్న కాళ్ళు కడుగుతుండా? మంచిగున్నది.

ఇగ నువ్వు గీసిన ఇల్లు. ఇది నేను ఎవ్వరికి చెప్పలే. కమలాకర్ కాయితం పరిచి, "అమ్మా, మీకేం కావాలె?" అని అడిగిండు. అండాలూ, నన్ను గట్ల అడిగినోడు ఆయనే మొదలు. పెండ్లి చీర రంగు మా నాయిన చెప్పిండు. పిల్లల పేర్లు మీ అమ్మ పెట్టింది. కూరల ఉప్పు ఎంతో మీ అన్న చెప్తడు. నాకేం కావాల్నో నాకే తెల్వలే. నోరు తెరిస్తె నువ్వు గుట్ట మీద చెప్పిన మాటే వచ్చింది. నాకున్నది ఆ ఒక్క ఇల్లే, అది గూడ నీ దగ్గర ఇన్నదే.

నీకొక్కదానికే కుళ్ళున్నదనుకుంటున్నవా? మీ అన్న పొద్దున లేస్తె "అండాలునడుగు". రంగు అండాలునడుగు, బండ అండాలునడుగు. కిటికీ మూసుడు గూడ అండాలు మాట మీదనే. నేను నీళ్ళు కొట్టిన ఇల్లు, నువ్వు కట్టిన ఇల్లు ఇది. నాకు మండదా?

మమతను పిలుస్తనని మీ అన్న ఫోను తీసిండు. నేను గుంజుకున్న. నువ్వు రాకుంటె పొయ్యి ఎలిగియ్య. గోధుమపిండి మీ గిర్నిలనే పట్టిచ్చుకొని మీ ఇంట్లనే తింట.

నర్సింగమ్మ

అచ్చంపేట,
23 డిసెంబర్ 2023

వదినా,

ఇవాళ ముక్కోటి ఏకాదశి. గుడికి పోయి ఉత్తర ద్వారం దాకా వెళ్ళి, లోపలికి పోకుండా తిరిగి వచ్చాను. ముందు ఇది రాయాలి.

ఉగ్రమూర్తి మీద ఎండ పడకూడదని ఏ పెద్దలూ నాకు చెప్పలేదు. ఆ మాట ఎవరి దగ్గరా వినలేదు. నేనే పుట్టించాను. "ఎట్లనన్న మీ ఇల్లు ఇప్పట్ల కట్టేటట్టు లేదాయె" అని నువ్వు రాసిన ఉత్తరం పక్కన పెట్టుకుని, మెల్లగా, మంచి దస్తూరీతో రాశాను. నాకు లేని ఎండ మీ స్వామికి కూడా ఉండకూడదనుకున్నాను. మీరంతా నా మాట దేవుడి మాట అనుకుంటారని తెలుసు. అందుకే దేవుడి పేరు పెట్టాను. మాఘంలో గుట్టకు మొక్కు ఉందన్నది కూడా అంతే. ఏ మొక్కూ లేదు.

నువ్వు మూయించానని రాసిన రోజు నాకు సంతోషమైంది. ఆ సంతోషం దీపం పెట్టేదాకా కూడా నిలవలేదు. అప్పటి నుంచి స్వామి పటం ముందు నిలబడితే, ఆయన మొహం చూడకుండా పువ్వులు పెట్టి వచ్చేస్తున్నాను. కోపం నీ మీద మళ్ళించుకుంటే తేలికగా ఉండేది. రాయి మీద కోపం, చీర మీద కోపం. నువ్వు అవి కూడా తీసేశావు.

రాయిని కడిగి గూట్లో పెట్టాను. మా ఆయన "నా పీట ఏమాయె?" అని పెరడంతా వెతికాడు.

కిటికీ తెరిపించు వదినా. పూత పెట్టి, రంగు వేసిన గోడ పగలగొట్టాలంటే కమలాకర్ ఏమంటాడో, అన్న ఏమంటాడో తెలుసు. ఎందుకు అని అన్న అడిగితే నా పేరు చెప్పు. అబద్ధమాడింది నీ చెల్లెలని చెప్పు. "అండాలునడుగు" అనడం అప్పుడైనా మానేస్తాడు, నీకు ఆ మేలైనా జరుగుతుంది.

పాలు పొంగించడానికి నన్ను రమ్మంటావో వద్దంటావో నువ్వే రాయి. వద్దంటే ఏడుస్తాను, కానీ న్యాయమే అనుకుంటాను.

అండాలు

షాద్‌నగర్
3 జనవరి 2024

అండాలూ,

గోడ పగలగొట్టుడు లేదు. ఇటుకలకు సిమెంటు పెట్టనియ్యలే.

ఊరికె ఒకదాని మీద ఒకటి పేర్చిండు మల్లప్ప. లోపల పూత లేదు, నేను పరదా కట్టిన. బయటకెళ్ళి వాన కొట్టకుంట రేకు అడ్డం పెట్టిచ్చిన. "అమ్మా, ఇది మూసినట్టా, మూయనట్టా?" అన్నడు మల్లప్ప. రెండూ అన్న. నీళ్ళు కొట్టి కొట్టి అమ్మకు తల తిరిగింది అనుకున్నడు.

ఎందుకంటె ఇను. గుట్ట మీద ఎండ పడాలె అని చెప్పినప్పుడు నీ మొకం నాకు యాదికున్నది. నీ కండ్లల్ల అప్పుడే ఎండ పడ్డట్టుండె. ఎండ పడొద్దని రాసిన కాయితంల నాకు నీ మొకం కానరాలే. మొకం కానరాని మాటకు సిమెంటు ఎట్ల పెట్టను? పెట్టకుంట ఉండనీకి గూడ భయమే, దేవుని మాటాయె. అందుకే పేర్చి పెట్టిన. నిజమైతె నువ్వొచ్చి సిమెంటు పెట్టమంటవు, కాకుంటె నువ్వే తీస్తవు అని.

కోపం రాలేదని అనను. వచ్చింది. నీ కాయితం సదివినంక సుస్మిత మీద ఒర్రిన, పాపం దానికేం ఎరుక. ఇప్పుడు తగ్గింది.

ఒక దినం ముంగటనే రా. మీ అన్నకు ఏం చెప్పలే, చెప్ప. "అండాలునడుగు" అనుడు మాన్పియ్యాలంటె నాకు వేరే ఉపాయాలున్నయి.

నర్సింగమ్మ

అచ్చంపేట,
26 ఫిబ్రవరి 2024

నర్సింగమ్మ వదినకు,

గృహప్రవేశం నుంచి క్షేమంగా చేరాం. బస్సులో మా ఆయన దారంతా మీ గోడకు వేలాడే కమోడ్ గురించే మాట్లాడాడు. "బావ కూసున్నా ఆగింది సూడు, గదీ పనంటె" అని పక్కసీటు ఆయనకు కూడా చెప్పాడు. నాకు కిటికీలోంచి దూకాలనిపించింది.

ఆ పొద్దున మనమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు కదా. అంత మందిలో ఎలా మాట్లాడతాం? అందుకే మళ్ళీ పెన్ను పట్టాను.

మెరిసే నీ పొయ్యి పక్కన మూడు ఇటుకలు పెట్టి, పిడకలు వెలిగించి, పాలు పెట్టాను. పొంగవేమో అనుకున్నాను. నా మనసు తెలిసిన పాలు అయితే పొంగకూడదు. తూర్పు వైపుకే పొంగాయి. మమత "అబ్బ, అక్క చేతి వాసి!" అంది. నువ్వు నా వైపు చూడకుండా చక్కెర అందించావు.

తెల్లవారగానే నువ్వు బయటి రేకు తీయించి, గంప తెచ్చి దేవుని అర్రలో పెట్టి, పరదా తీసి బయటికి పోయావు. పోతూ తలుపు దగ్గరికి వేశావు. నేను ఒక్కో ఇటుక తీసి గంపలో పెట్టాను. పట్టుచీర నిండా ఎర్రదుమ్ము. మీద వరుస తీసేసరికి గాలి వచ్చింది, కింద వరుస తీసేసరికి ఎండ వచ్చింది. ముందు గోడ మీద పడింది, మెల్లగా దిగింది. నేను కూర్చున్నాను. అది నల్లరాయి మీదికి వచ్చి, స్వామి పాదాల మీద ఆగింది. నేను నీళ్ళతో గీసినప్పుడు కూడా ఇంత చక్కగా అనుకోలేదు.

అప్పుడు నా మనసు నిండిపోయిందని, కుళ్ళంతా కడుక్కుపోయిందని రాస్తే నీకు బాగుంటుంది. కానీ ఇకమీదట నీకు ఉన్నదే రాస్తానని అనుకున్నాను. వదినా, ఆ ఎండ చూస్తుంటే నా కడుపు మళ్ళీ మండింది. ఇంత చక్కటి ఎండ రేపు కూడా ఇక్కడే పడుతుంది, నేను ఇక్కడ ఉండను అనిపించింది. స్వామికి దండం పెట్టి అదే చెప్పాను. చాలా నెలల తర్వాత ఆయన మొహం చూసి చెప్పాను. చూడగలిగాను. నాకు దొరికింది అంతే, అది తక్కువ కాదు.

ఇంకొకటి. గంపలోంచి ఒక ఇటుక నేను తెచ్చుకున్నాను. నీకు చెప్పకుండా తువ్వాలలో చుట్టి, మీరు పోసిన ఒడిబియ్యం మూటలో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక మూట ఎత్తిన మా ఆయన, "మీ వదిన బియ్యం పోసిందా, బండలు పోసిందా?" అన్నాడు. విప్పి చూపించాను. ఇటుకను అటూ ఇటూ తిప్పి చూశాడు, నా మొహం చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఒకటైతె వచ్చింది గద. తక్కినవి ఎప్పుడు తెద్దాం?" అన్నాడు. వచ్చే యేడు అన్న మాట అనలేదు వదినా. అనలేదని నేను గమనించినట్టు ఆయనకు చెప్పలేదు. చెబితే అంటాడేమోనని భయం.

ఇటుకను దేవుని గూట్లో, నువ్వు పంపిన నల్లరాయి మీద పెట్టాను. దాని మీద దీపం పెడుతున్నాను.

ఆ వంకాయరంగు చీరలో చినగని తునక ఏదైనా మిగిలితే నాకు పంపు. నా ఇల్లు లేచిన రోజు దిష్టిబొమ్మకు అదే కడతాను. నీ కన్ను తగలకుండా. ఊరికే అంటున్నాను. సగం ఊరికే.

ఈ కాగితాలు చింపకు. అన్నకు చూపించకు, సుస్మితకు చూపించకు, రేపు నీ మనవరాలు పెద్దదై అడిగినా చూపించకు. నా ఇల్లు అయ్యాక ఎవరో ఒకామె వచ్చి, గోడ మీద చెయ్యి పెట్టి, "చాలా బాగుంది" అని నెమ్మదిగా అంటుంది. ఆమె గొంతులో ఏముందో నాకు తెలిసిపోతుంది. అప్పుడు నేను ఆమె మీద మండిపడకుండా ఉండాలంటే, ఇవన్నీ నేను మళ్ళీ చదువుకోవాలి. అప్పటిదాకా నీ బీరువాలో, మడత విప్పని ఆ పట్టుచీరల కింద ఉంచు.

నీ ఆడబిడ్డ,
అండాలు